ప్రింగిల్ దొర కనిపెట్టిన కోడికూత

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో పెళ్ళికొడుకు తండ్రి మేడెక్కి కోడిలా కూస్తే గానీ పెళ్ళివంటకు ఎసరు పెట్టరన్న సంగతి లండన్‌లో చదువుకున్న వారందరికీ తెలుసు. తెలియనిదల్లా జగ్గయ్యపేట వాళ్ళకూ, నందిగామ వాళ్ళకూ మాత్రమే. ఆ లోటు 1998లో తీరింది. తీర్చినవారు నందిగామలో చరిత్ర పాఠాలు చెప్పే ప్రేమానందం గారు. అందుకైన ఖర్చు భరించినవారు జగ్గయ్యపేట మిర్చి వ్యాపారి, వర్తకుల సంఘం అధ్యక్షులు పుల్లయ్య గారు.

సర్ హొరేషియో ప్రింగిల్ విక్టోరియా రాణి గారి కాలపు మానవశాస్త్రవేత్త. కుర్రతనంలో మతగురువు కాబోయి, పరీక్ష తప్పి, సీతాకోకచిలుకలను పట్టి అట్టలకు గుచ్చే పనిలో పడ్డారు. అవి అయిపోయాక ఆయన దృష్టి సహజంగానే మనుషుల మీదికి మళ్ళింది. 1887 వానాకాలంలో నందిగామ బంగళాలో దిగి, కనబడిన ప్రతి ముక్కునూ ఇనుప పట్కారుతో కొలిచి, దాని పొడుగును బట్టి బుద్ధి ఎంతో లెక్క కట్టారు. సొంత ముక్కు కొలుచుకోవడం మాత్రం మరిచిపోయారు. ఆ కొలతల నడుమ ఒక వర్తకుడు ఆయనకు కోడికూత ఆచారం గురించి చెప్పాడు. దొరగారు ఒక్క పెళ్ళి కూడా చూడకుండానే జలుబు చేసి మద్రాసు వెళ్ళిపోయారు.

ఇంగ్లాండు చేరాక లావుపాటి పుస్తకం రాశారు. ఆ కూత పురాతన సూర్యారాధన తాలూకు అవశేషమని ఆయన అన్నారు. కాదు, ఈ జనం ఒకప్పుడు కోడిపుంజునే కులదైవంగా కొలిచేవారని మరో పండితుడు అన్నాడు. ఇద్దరూ చచ్చేదాకా మాట్లాడుకోలేదు. రాణి గారు ప్రింగిల్ గారికి సర్ బిరుదు ఇచ్చారు. చెవిన పడని కూతకు అంత గౌరవం దక్కడం శాస్త్ర చరిత్రలో అరుదు.

ఆ సంగతి చెప్పిన వర్తకుణ్ణి దొరగారు 'సత్యసంధుడైన పూలియా' అని మెచ్చుకున్నారు. ఆయన సాక్షాత్తూ మన పుల్లయ్య గారి ముత్తాత. పుస్తకం చేతికందిన ప్రేమానందం గారు ఈ మాట చెవిన వేయగానే పుల్లయ్య గారి ఛాతీ చొక్కా గుండీలకు భారమైంది. ముత్తాత పేరు పెట్టుకున్నందుకు ఇన్నాళ్ళకు ఫలితం దక్కిందనుకున్నారు. సభ పెట్టించారు. దొర పటానికి దండ వేశారు. తమ మెడలోనూ ఒకటి వేయించుకున్నారు.

"మన సంస్కృతిని మనం మరిచిపోతే పరాయివాడు వచ్చి గుర్తు చేయాల్సి వచ్చిందండి. ఈ రోజు నుంచి ఈ గడ్డ మీద కూత లేని పెళ్ళి జరగటానికి వీల్లేదండి" అని మైకులో శాసించారు.

జనం చప్పట్లు కొట్టి, టిఫిన్లు తిని వెళ్ళిపోయారు. మామూలుగా అయితే సంస్కృతి అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ ఆడపెళ్ళివారు ఆలోచనలో పడ్డారు. కాళ్ళు కడగడం దగ్గర్నుంచి అలక తీర్చడం దాకా వంగేదంతా తామే అయిన చోట, మగపెళ్ళివారు మేడెక్కి కూయాల్సిన ఆచారం ఒకటుందంటే దాన్ని కాపాడుకోవద్దూ? ఏడాది తిరిగేసరికి ఆడపిల్లల తండ్రులంతా సంప్రదాయవాదులైపోయారు. పుల్లయ్య గారు కూడా తమ అమ్మాయి పెళ్ళిలో మైలవరం వియ్యంకుణ్ణి ఎండలో మేడెక్కించారు. ఆ పెద్దమనిషి కూస్తుంటే కింద కుర్చీలో కూర్చుని, పూర్వీకుల్ని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నారు. గొంతు సరిగ్గా లేవలేదని ఇంకోసారి కూయించారు కూడా.

2003లో వారి అబ్బాయి అనిల్‌కుమార్‌కు నందిగామ రత్తయ్య గారి అమ్మాయితో పెళ్ళి కుదిరింది. ఆ పూటే పుల్లయ్య గారికి తిండి సయించడం మానేసింది. ముప్పై ఏళ్ళు గొంతు పెంచకుండా వ్యాపారం చేసిన మనిషి, ఎదురుపడితే జనం దారిచ్చే మనిషి, ఊరందరి ముందు పుంజులా కూయడమా? పైగా మైలవరం వియ్యంకుడు ముందు వరసలో కుర్చీ వేయించమని అప్పుడే కబురు చేశాడు. ఏదైనా మినహాయింపు దొరుకుతుందేమోనని పుల్లయ్య గారు చిల్లకల్లులో ఉన్న మేనత్త దుర్గాంబ దగ్గరికి పరుగెత్తారు. 'సత్యసంధుడైన పూలియా' ఒళ్ళో పెరిగిన మనవరాలు ఆవిడ.

"కూతేందిరా, నీ మొహం. ఆ దొర మా తాత ముక్కు పట్టుకుని కొలిచాట్ట. ఈయనకి ఒళ్ళు మండి, నోటికొచ్చిందేదో చెప్పొచ్చాట్ట. చచ్చేదాకా అదే చెప్పుకుని నవ్వేవాడు" అందావిడ.

పుల్లయ్య గారికి ప్రాణం లేచొచ్చింది. వంశం పరువు పోతే పోయింది, సొంత పరువు దక్కితే చాలనుకున్నారు. పెళ్ళినాడు కల్యాణమండపంలో మైకు అందుకుని ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఇదంతా మా ముత్తాత ఆడిన వేళాకోళం, నిజమైన ఆచారం కాదు, క్షమించండని చేతులు జోడించారు.

రత్తయ్య గారు తొణకలేదు.

"బావగారూ, మీ ముత్తాతగారు అబద్ధం ఆడితే ఆడి ఉండొచ్చండి. ఇంగ్లీషులో అచ్చేసిన పుస్తకం ఎందుకాడుద్దండి?"

ప్రేమానందం గారు లేచి కళ్ళజోడు సర్దుకున్నారు. "దొరగారు నూరేళ్ళ కిందటే హెచ్చరించారు. ఈ ఆచారం గురించి అడిగితే నేటివులు సిగ్గుపడి అలాంటిదేమీ లేదంటారు, అలా కాదనడమే దాని ప్రాచీనతకు రుజువు అని రాశారు. పుల్లయ్య గారు ఇప్పుడు మీ అందరి ముందూ కాదన్నారు. ఇంతకు మించిన సాక్ష్యం శాస్త్రానికి అక్కర్లేదు" అన్నారు. చప్పట్లతో మండపం దద్దరిల్లింది. ఎసరు పెట్టకుండా కూర్చున్న వంటవాళ్ళు కూడా కొట్టారు.

ముహూర్తం దగ్గరపడింది. పిల్లల ఏడుపులు మొదలయ్యాయి. పుల్లయ్య గారు కండువా నడుముకు బిగించి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కారు. పిట్టగోడ దగ్గర నిలబడి, మెడ చాచి కూశారు. నిజం చెప్పినప్పుడు ఒక్క గుండె కూడా కరగని ఆ జనంలో ఈసారి చాలామంది కళ్ళు చెమర్చాయి. వీడియో కుర్రాడు కూడా కళ్ళు తుడుచుకుని, వెలుతురు చాల్లేదు, ఇంకోసారి కూయమన్నాడు. పుల్లయ్య గారు మళ్ళీ కూశారు.

కింద ఆడవాళ్ళ మధ్య కూర్చున్న దుర్గాంబ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఇదేం కూతమ్మా, నీరసంగా. మా రోజుల్లో కూస్తే వత్సవాయి దాకా వినబడేది" అంది పక్కావిడతో.

చుట్టూ ఉన్న పెద్దవాళ్ళంతా అవునవునని తలలూపారు. పాఠకుల్లో వయసు మళ్ళిన వారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.