చివరి పేజీ రక్షణ పర్వం

వారానికొకమారు మాత్రమే భూతలాన అవతరించే ఆదివారమనే ఆ మహాదినాన, భోజనానంతర నిద్రాసామ్రాజ్యం వీధివీధినా జెండా పాతిన అపరాహ్ణవేళ, ఇస్త్రీ దుకాణానికీ మందుల షాపుకీ నడుమ ఇరుక్కున్న ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో, షట్టరు సగం దింపి, వెనకగదిలో కుర్చీలు వేసి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తూ, ఘోరసమరానికి సన్నద్ధుడవుతున్న వీరుడొకడున్నాడు. ఆయన ఆ దుకాణం యజమాని. జయించవలసిన శత్రువు ఆయన నాలుక.

ఆ వైరానికి కారణం చెప్పాలి. నెలకోసారి ఆ గదిలో పుస్తకప్రియులు కూడతారు. ఎవరు ఏం చదివారో చెబుతారు, చెప్పిన పుస్తకాన్ని బల్ల మీద పెడతారు. మనసైనవాళ్ళు దాన్ని ఇంటికి పట్టుకుపోతారు. ఎవరూ ముట్టని పుస్తకాన్ని తెచ్చినవాడే మోసుకుపోవాలి. మన వీరుడికి ప్రాణసమానమైన నవల ఒకటుంది. ఒక రేవులో పడవ నడిపేవాడికి ప్రయాణికురాలొకతె తాళం వేసిన పెట్టె అప్పగించి, తిరిగొచ్చి తీసుకుంటానని చెప్పి వెళ్ళిపోతుంది. పెట్టెలో ఏముందో చివరి పేజీలో తెలుస్తుంది. ఆ నవలను సభకు తెచ్చిన ప్రతిసారీ ఆయన భక్త్యావేశపరవశుడై, శ్రోతలను పడవెక్కించి, సుడిగుండాలు దాటించి, పెట్టె తాళం తనే తీసి, లోపలున్నది బయటపెట్టి, కళ్ళు తుడుచుకుని కూర్చునేవాడు. శ్రోతలూ కళ్ళు తుడుచుకునేవారు. ఆపైన వేరే పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయేవారు. ఏడ్చేశాక ఇంక చదవడమెందుకు?

తనలాగే మరొకరు ఆ చివరి పేజీ దగ్గరికి ఏమీ తెలియకుండా చేరాలని, చేరాక దాని గురించి తనతో మాట్లాడాలని ఆయన కోరిక. అలాంటి మనిషి ఒక్కరూ దొరకలేదు. ఇల్లాలు సైతం చదవలేదు. పెళ్ళయిన కొత్తలోనే మొత్తం వినేసింది.

"ఏమండీ, ఇవాళ కొత్తావిడ వస్తోంది, నర్సు," అంది ఇల్లాలు, ఫ్లాస్కులో టీ పోస్తూ. "ఆ పెట్టెలో ఏముందో మీ నోట విననిది ఈ చుట్టుపక్కల ఆవిడొక్కతే. రెండు ముక్కలు చెప్పి ఊరుకోండి."

"అంత నదిని రెండు ముక్కల్లో ఎలా ఇరికించనే?"

"ఇరికించక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు."

అంతట ఆ నయనోపకరణవిక్రేతాగ్రేసరుడు అద్దాలు తుడిచే మైక్రోఫైబరు గుడ్డను భుజాన వేసుకుని, గోడ మీది అక్షరాల చార్టు సాక్షిగా, గుండెల నిండా గాలి పీల్చి ప్రతిజ్ఞ పలికాడు.

"వినుము, గృహరాజ్యాధీశ్వరీ! చార్టులో పెద్దక్షరం చిన్నదైనా, చిన్నక్షరం పెద్దదైనా, దగ్గరచూపు దూరమైనా, దూరపుచూపు దగ్గరైనా, దంతపంక్తిద్వయదుర్గాంతర్గతమైన ఈ జిహ్వ నేడు కోట దాటి అడుగు వేయదు!"

"ఇదే పొడుగైపోయింది," అంది ఇల్లాలు.

సభ మొదలైంది. పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు ఒక యాత్రాగ్రంథాన్ని గురించి చెప్పారు. ఎక్కడెక్కడ దూరాలు తప్పు వేశారో కూడా చెప్పారు. బ్యాంకులో క్యాషియరైన బావమరిది ఒక హత్యానవలను పొగిడాడు. గళ్ళ చీర కట్టుకున్న నర్సు, ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుంటూ అన్నీ వింది. దేన్నీ ముట్టలేదు. వీరుడి వంతు వచ్చింది. ఆయన లేచాడు.

"ఒక పడవవాడు. ఒక పెట్టె. దానికి తాళం," అని కూర్చున్నాడు.



"బావా, ఒంట్లో బాగుందా?" అన్నాడు బావమరిది. "అక్కా, పొద్దున్న ఏం పెట్టావే ఈయనకి?"

ఆ ఎగతాళిని చీల్చుకుంటూ, విషం పూయకపోయినా మర్మస్థానాన్ని ఎరిగిన బాణంలాగా, నర్సు ప్రశ్న దూసుకొచ్చింది.

"పెట్టెలో ఏముందండీ?"

ఓహో, ఆ క్షణాన వీరుని కంఠసీమలో చెలరేగిన సంకులసమరాన్ని ఏమని వర్ణించేది! చివరి పేజీలోని వాక్యాలు వాక్యాలుగా, పేరాలు పేరాలుగా, కామాలు కత్తులై ఫుల్‌స్టాపులు గుండ్లై, దవడల కోటగుమ్మాన్ని ఏనుగుల్లా కుమ్మసాగాయి. పెదవులు వణికాయి. పై పెదవి ఓడిపోవడానికి సిద్ధపడింది కూడా. వీరుడు బల్ల మీది పళ్ళెంలోకి చెయ్యి చాచి బిస్కెట్టు తీసి నోట్లో కుక్కుకున్నాడు. చాలలేదు. ఇంకోటి కుక్కుకున్నాడు.

"నే చెబుతానమ్మా," అన్నారు మాస్టారు దయగా. "ఆ పెట్టెలో..."

వీరుడు నోరు తెరవలేడు. తెరిస్తే బిస్కెట్టూ పోతుంది, ప్రతిజ్ఞా పోతుంది. చేతులు ఊపాడు. మాస్టారు అటు చూడలేదు.

"మాస్టారూ!" ఇల్లాలు నిండా పోసిన కప్పు ఆయన చేతిలో పెట్టింది. "వేడిగా ఉంది, పొర్లుతుంది, ముందు తాగండి."

మాస్టారు కప్పు కేసి చూసి, తాగడంలో పడ్డారు.

"నాకూ తెలుసు," అన్నాడు బావమరిది. "బావ మొహం చూస్తుంటే చెప్పేయాలని నోరు దురద పెడుతోంది."

"చెప్పరా. రేపట్నించీ క్యారేజీ నువ్వే కట్టుకో," అంది అక్క.

బావమరిది ఆయుధం కింద పెట్టాడు.

నర్సు నవ్వింది. "ఇంతమంది దాస్తున్నారంటే చూడాల్సిందే," అని పుస్తకం తీసుకుంది. వీరుని వక్షఃస్థలం ఉప్పొంగింది. ఉప్పొంగినది దిగకముందే ఆవిడ పుస్తకాన్ని తిరగేసి, వెనకట్ట తెరిచింది.

"అదేంటమ్మా?" అన్నాడు, బిస్కెట్టు మింగి.

"నేను ముందు చివరి పేజీ చదువుతానండీ. వార్డులో ఎప్పుడు ఎవరు పిలుస్తారో తెలీదు. ఆఖరు తెలిస్తే మధ్యలో లేచిపోయినా బెంగుండదు."

స్వజిహ్వను జయించినవాడికి పరనేత్రాలు ఎదురు నిలిచాయి. ఆవిడ చూపు పేజీ మీదికి దిగుతోంది. వీరుడు కుర్చీ తన్నుకుని లేచి, బల్ల మీదుగా వంగి, ఆవిడ ముక్కు మీది కళ్ళజోడు లాఘవంగా తీసేశాడు.

"స్క్రూ వదులైందమ్మా. పడితే అద్దం పగులుతుంది."

స్క్రూ గట్టిగానే ఉంది. ఆయన దాన్ని వదులుచేసి బిగించాడు. మళ్ళీ వదులుచేశాడు. నర్సు పేజీని ముక్కు దగ్గరికి తెచ్చింది, చెయ్యి చాచి దూరం పెట్టింది. చీమల బారు తప్ప ఏమీ కనపడలేదు.

"ఎంతసేపు పడుతుందక్కా?" అని ఇల్లాలిని అడిగింది.

"నువ్వు ఆ పేజీ మూసేదాకా, తల్లీ."

నర్సు ఆయన కేసి చూసింది. కళ్ళజోడు లేకపోయినా, ఆయన అదే స్క్రూను మూడోసారి వదులుచేయడం ఆవిడకి తెలిసింది.

"అంత బావుంటుందా అన్నయ్యా, ఆఖరు?"

అన్నయ్యా అన్న పిలుపు ఏ శస్త్రానికీ లొంగనివాణ్ణీ లొంగదీస్తుంది. కోటగుమ్మం కిర్రుమంది.

"చదివాక రామ్మా," అన్నాడు. "అప్పుడు మాట్లాడుకుందాం. నాకు దాని గురించి మాట్లాడ్డానికి ఎవరూ లేరు."

నర్సు వెనకట్ట మూసింది. పుస్తకం తిప్పి, మొదటి పేజీ తీసి, చెయ్యి చాచింది. ఆయన కళ్ళజోడు తుడిచి ఆ చేతిలో పెట్టాడు.

ఆవిడ నిలబడే చదవసాగింది. మాస్టారు వెళ్ళొస్తానన్నారు, ఆవిడ వినలేదు. బావమరిది కుర్చీలు మడిచాడు, చూడలేదు. పేజీ తిప్పింది. తర్వాత పుస్తకం సంచిలో పెట్టుకుని, సగం దింపిన షట్టరు కింద వంగి, వీధిలోకి వెళ్ళింది.

ఇట్లు ఆ ఆదివారం సాయంసమయాన, ఏ కోటా కూలకుండా, ఏ కిరీటమూ దొర్లకుండా, రెండు బిస్కెట్లు మాత్రం ఆహుతై, అట్ట మాసిన ఒకానొక నవల తన స్వామి చంక దిగి, పరాయి భుజాన వీధి మలుపు తిరిగినది. జయము! ఆ పెట్టె తాళం ఇంకా వేసే ఉన్నది.