చెయ్యి లేవకపోవడంలోని సుఖాలు

మనిషికి రెండు చేతులూ పైకి లేవాలని ఎవరన్నారండీ? శుద్ధ దండగ! ఎడమ చెయ్యి లేవకపోవడం ఎంత సుఖమో మీకు తెలీదు. మూడు నెలలు అనుభవించాను కాబట్టి నాకు తెలుసు.

నేను నూకరాజుని. భిలాయి స్టీల్ ప్లాంటులో ముప్పయ్యేళ్లు క్రేను నడిపి, టన్నులకొద్దీ కరిగిన ఉక్కుని ఎత్తి దించి, రిటైరై నెహ్రూ నగర్‌లో ఉంటున్నాను. గుండె నెమ్మదించిందని ఎనభై తొమ్మిదిలో నా ఛాతీలో ఎడమ పక్కన పేస్‌మేకర్ పెట్టారు. తొంభై ఏడు మార్చిలో దాని బ్యాటరీ అయిపోయింది. ఓ పెద్దాసుపత్రిలో మళ్లీ కోసి, కొత్తది పెట్టి, కుట్టేశారు. టార్చిలైటుకి మార్చినట్టే, కాకపోతే కుట్లు ఎక్కువ!

డిశ్చార్జి రోజున పెద్ద డాక్టరుగారు గుమ్మంలోంచే "హాత్ ఊపర్ మత్ కర్నా" అనేసి వెళ్లిపోయారు. చెయ్యి పైకెత్తొద్దు. అంతే! ఎంత పొదుపైన మనిషి!

మిగతా వైద్యం మా బావ పోలయ్య చేశాడు. చరోదాలో రైల్వే సిగ్నళ్ల పని చేసినవాడు, తీగల సంగతి అతనికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

"బావా, చెయ్యెత్తీసినావంటే లోపల తీగ ఊడిపోతాది. సిగ్నలు తీగ తెగితే బండి ఆగిపోతాదా నేదా? ఇదీ అంతే!"

మా ఆవిడ సింహాచలమ్మ హడలిపోయి, పాత చీర చింపి నా చేతిని మెడకి కట్టేసింది.

ఇక చూస్కోండి నా వైభోగం! ఏప్రిల్లో కూలరుకి కొత్త గడ్డి పెట్టడానికి స్టూలెక్కాల్సింది నేను. ఎక్కింది మా అబ్బాయి రాజేంద్ర. దుర్గ్ వెళ్లే బస్సులో ఎప్పుడూ నిలబడేవాణ్ణి, ఇప్పుడు నా కట్టు చూసి ఇద్దరు లేచేవారు. మన తెలుగు సంఘం ఎన్నికల్లో చేతులెత్తమన్నారు. నేను కట్టు చూపించి ఏ వర్గానికీ ఎత్తలేదు. నా మనసు తమవైపే ఉందని రెండు వర్గాలూ నాకు టీ ఇప్పించాయి! పెళ్లయిన ముప్పై నాలుగేళ్లకి మా ఆవిడ రోజూ నాకు చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టింది. ఇంతకన్నా ఏం కావాలి?

జూన్లో ఓ పొద్దున్న, ఎవరూ చూడకుండా కట్టు విప్పి కొంచెం ఎత్తి చూద్దామనుకున్నాను.

లేవలేదు.

ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. కుడి చేత్తో పట్టుకుని లేపబోతే ప్రాణం పోయినట్టైంది. ఎత్తకూడని చెయ్యి ఎత్తలేని చెయ్యి అయిపోయింది! క్రేను ఎక్కడైనా ఇరుక్కుంటే పైనుంచి గంట కొట్టేవాణ్ణి, కిందనుంచి పదిమంది పరిగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు ఏ గంట కొట్టను? మంచం మీద కూర్చుని చంటిపిల్లాడిలా ఏడ్చాను. ఇది మాత్రం హాస్యం కాదు.

మర్నాడే ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ వ్యాయామాలు చేయించే సుచిత్ర మన తెలుగమ్మాయే, పుట్టింది భిలాయిలో.

"అంకుల్‌జీ, ఇన్ని దినాలు ఎందుకు బాంధేసుకున్నారు? కంధా, అదే భుజం, పూరా జామ్ అయిపోయింది! కొన్నాళ్లు జాగ్రత్తగా ఉండి, తర్వాత ధీరే ధీరే కదపాలి కదా!"

కొన్నాళ్లా! మా ఆవిడ నన్ను లాక్కుంటూ తిన్నగా పెద్ద డాక్టరుగారి గదిలోకి నడిచింది.

"ఏటి బాబూ! ఎత్తొద్దని సెప్పినారు. మరెప్పట్నుంచి ఎత్తాలో సెప్పనేదేటి?"

సుచిత్ర ఆ ప్రశ్నని భయంభయంగా హిందీలోకి మార్చింది. ఆరడుగుల డాక్టరుగారు కాగితాల్లోంచి తలెత్తకుండానే జవాబిచ్చారు.

"ఆప్‌నే పూఛా హీ నహీ."

మీరు అడగలేదు కదా అని! అవును మరి, తప్పు నాదే! గుమ్మంలో ఆయన వెంట పరిగెత్తి అడగాల్సింది, కుట్లు పచ్చిగా ఉంటే మాత్రమేం?

అప్పట్నుంచి రోజూ గోడకెదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకిస్తున్నాను. సుచిత్ర పెన్సిలుతో గీతలు పెడుతోంది. మొదటి వారం ఛాతీ దగ్గర, నెలకి భుజం దగ్గర. కళ్లంట నీళ్లు కారుతున్నా మానడం లేదు. నిన్న గీత ఇంకో బెత్తెడు పైకెళ్లింది. ఆ పిల్ల నాకన్నా ఎక్కువ సంబరపడి అడిగింది.

"అంకుల్‌జీ, మీకు ఎంత ఎత్తు దాకా రావాలి?"

"ఎక్కువొద్దమ్మా. ఆరడుగుల మనిషి చెంప దాకా వస్తే చాలు!"