హైమవతి గ్యాసు కనెక్షన్

ఇంట్లో తయారుచేసిన బీరుకు నురగ పట్టించడానికి ఫణీంద్ర గ్యాసు సిలిండరు అడిగితే, ఆ ఇంట్లో భార్య రూపంలో ఇదివరకే ఒకటి ఉంది కాబట్టి రెండోది ఇవ్వడం కుదరదని ఏజెన్సీవాళ్లు చెప్పారు. ఇంటికి ఒక్కటే కనెక్షన్. వంటగ్యాసు సంగతి వేరు. ఇది మనిషి ఊపిరిలో బయటికొచ్చే గ్యాసు. నిట్టూర్పులో అది బాగా చిక్కగా ఉంటుందనీ, గృహిణుల్లో ఏళ్ల తరబడి చెడకుండా నిల్వ ఉంటుందనీ ఏజెన్సీ గోడమీద బొమ్మ వేసి మరీ పెట్టారు.

ఫణీంద్ర వాదించలేదు. రెగ్యులేటరు, పైపు, స్టీలు పీపా అప్పటికే కొనేశాడు. బకెట్లో బీరు పులిసి సిద్ధంగా ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో దోసెల పిండి పులుస్తూనే ఉంది గానీ, దాన్ని చూడ్డానికి ఎవరూ స్నేహితుల్ని పిలవలేదు. బకెట్టు పులిసిందని మాత్రం ఆఫీసంతటికీ ఆదివారం పిలుపులు వెళ్లాయి.

బోడుప్పల్ ఏజెన్సీ నుంచి జంగయ్య అనే మెకానిక్ వచ్చాడు. హైమవతి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, పైపు ఎక్కడ బిగిస్తారని అడిగింది.

"మీకేనమ్మా. జరంత అటు తిరుగుండ్రి."

ఆమె అటు తిరిగింది. జంగయ్య ఆమె మెడ వెనక, గొలుసు కొక్కెం పడేచోట వేలితో తడిమి, దొరికిందన్నట్టు తలాడించాడు.

"అక్కడ వాల్వుందా? నాకెవరూ చెప్పలేదే!"

"పెండ్లినాడే పెడ్తరమ్మా. ముళ్లేసేటప్పుడు గట్టిమేళం కొడ్తరు గద, సప్పుడు ఇనబడకుంట."

హైమవతి భర్త వైపు చూసింది. ఫణీంద్ర వాషరు సైజు సరిచూసుకుంటున్నాడు.

బిగించడం అయ్యాక జంగయ్య సబ్బునీళ్లు నురగకొట్టి అతుకుల దగ్గర రాశాడు. గ్యాసు కారుతుంటే బుడగలు లేస్తాయి. లేవలేదు.

"మంచిగున్నది సార్. ఏడ లీకు లేదు. అమ్మ ఎన్నడు నోరు తెరిసినట్టు లేదు."

"నెమ్మదస్తురాలండీ," అన్నాడు ఫణీంద్ర గర్వంగా.

రెగ్యులేటరు మీటర్లో ముల్లు మాత్రం కిందే ఉంది. ఒత్తిడి పెంచడం ఎలాగని అడిగితే, రోజూ ఎట్లా మాట్లాడతారో అట్లాగే మాట్లాడమన్నాడు జంగయ్య. ఫణీంద్ర గొంతు సవరించుకున్నాడు.

"హైమా, ఆదివారానికి పెద్దగా ఏమీ వద్దు. రెండు రకాల పకోడీలు, కాస్త చికెను, చివర్లో పెరుగన్నం. నువ్వు శ్రమపడకు."

ముల్లు సగం దాకా లేచింది.

"ఇంట్లోనే ఉంటావుగా!"

ముల్లు ఎర్రగీతను తాకింది. పీపా లోపల బీరు గుడగుడలాడింది.

అంతా సవ్యంగా జరిగేదే. కానీ ఆదివారం పొద్దున, కూతురు అలేఖ్య వంటింట్లో నిలబడి, గరిటెలో చారు తీసుకుని, వాళ్ల నాన్న బీరు రుచి చూసే తీరును అనుకరించింది. వాసన చూసింది, కళ్లు మూసింది, పైకప్పుకేసి తల పంకించింది. హైమవతి నోరంతా తెరిచి నవ్వింది. మెడ వెనక బుస్సుమంది. ముల్లు సున్నా మీద పడింది.

అతిథులు వచ్చేసరికి పీపాలోంచి చప్పగా గోధుమరంగు నీళ్లు కారాయి. ఫణీంద్ర ముఖం మాడిపోయింది. మళ్లీ వచ్చిన జంగయ్య రెగ్యులేటరు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"నవ్విండ్రా అమ్మా? నవ్వు లీకు కిందికే వస్తది."

ఫణీంద్ర ఏం చెయ్యాలో తోచక కూతుర్ని పిలిచాడు. "అలేఖ్యా, పరీక్ష రేపు కదా, తర్వాత చదువుకోవచ్చులే. ముందు అంకుల్స్‌కి ఈ గ్లాసులు కడిగి పెట్టమ్మా."

అలేఖ్య పుస్తకం మూసి, చిన్నగా నిట్టూర్చింది. ఏ పైపూ తగిలించని రెగ్యులేటరు ముల్లు జంగయ్య చేతిలో కదిలింది.



"ఇంకోటి తయారైతున్నది సార్ ఇంట్ల," అన్నాడు జంగయ్య మెల్లగా. "వాల్వు పెట్టలేదింక. మీరు ఊ అంటే ఇయ్యాలనే పెడ్త."

ఫణీంద్ర కళ్లు మెరిశాయి. స్నేహితులు సర్దుకుని కూర్చున్నారు.

"అది నాదండీ," అంది హైమవతి.

"ఏంటి?"

"ఆ నిట్టూర్పు. నాదే. బిగించండి." జుట్టు పక్కకు తీసి మెడ వంచింది.

జంగయ్య బిగించాడు. ఈసారి ఎవరూ ఏమీ అనకుండానే ముల్లు ఎర్రగీత దాటి ఆగింది. గ్లాసుల్లో తెల్లటి నురగ అంచుల దాకా లేచింది. అంత మెత్తటి నురగ హోటళ్లలో కూడా రాదని అందరూ ఫణీంద్ర చెయ్యి పట్టుకుని ఊపారు. ఈ సామాను ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చా అని ఒకాయన అడిగాడు. తనే నడిచొస్తుందన్నాడు ఫణీంద్ర.

వంటింట్లో హైమవతి, పైపు గుమ్మం దాకా లాగి పట్టుకుని, కూతురికి నిట్టూర్చడం నేర్పింది. "పైకి కాదమ్మా. ముక్కుతో పీల్చు, గుటక వేసినట్టు లోపలికి మింగెయ్."

రెండుసార్లు తప్పిపోయినా అలేఖ్యకు తర్వాత కుదిరింది. హైమవతి గిన్నెలు తోమే సబ్బు నురగను కూతురి మెడ వెనక రాసి, ఊపిరి బిగబట్టి చూసింది.

ఒక్క బుడగ కూడా రాలేదు.

"మా తల్లే," అని మెచ్చుకుంది.