పెద్దాయన గడ్డం కేసు

ఆ ఉదయం మా పక్కింటి పెద్దాయన నున్నగా గీసిన గడ్డంతో వరండాలో కూర్చుని కనిపించేసరికి వీధి వీధంతా ఉలిక్కిపడింది.

ఉలిక్కిపడదూ మరి. ఆ గడ్డం గియ్యడానికి ఇంట్లోవాళ్ళకి హక్కు లేదు, బయటివాళ్ళకి లైసెన్సు లేదు.

ఆయన కోడలు మొన్నమొన్నటిదాకా ఒక పెద్ద కంపెనీకి మా పేటలో ఫ్రాంచైజీ నడిపింది. ఇళ్ళకెళ్ళి ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, తినిపించడం, గడ్డాలు గియ్యడం వాళ్ళ పని. ఓపిక లేక ఈమధ్యే మూసేసింది. మానేసినవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళూ పెళ్ళాలతో సహా, రెండేళ్ళపాటు పది కిలోమీటర్లలోపు ఏ వృద్ధుడికీ సేవ చెయ్యరాదని అగ్రిమెంటు. మామగారు, దురదృష్టం కొద్దీ, వృద్ధుడు. ఉండేది పక్కగదిలోనే.

"పోనీ మీ మనిషినే పంపండి," అని ఆవిడ కంపెనీని అడిగింది.

"మీ ఏరియాలో మాకు బ్రాంచి లేదమ్మా. మీరే మూసేశారు కదా," అన్నాడు ఏరియా మేనేజర్, ఎంతో ఓర్పుగా.

ఆ విధంగా మా పేటలో పోటీ పూర్తిగా అంతరించింది. ఈ షరతుని చట్టం చేసిన రోజునే వృద్ధుల సంక్షేమ మంత్రిగారు సెలవిచ్చారు: "సేవలో పోటీ పెరిగితే ప్రేమలో నాణ్యత తగ్గుతుంది." చాలా లోతైన మాట. నేనింకా అడుగు చేరలేదు.

అంతటి మంత్రిగారు ముందురోజు సాయంత్రం స్వయంగా వచ్చి పెద్దాయన్ని పరామర్శించారు కూడా. ఫొటోగ్రాఫర్లని బయటికి పంపేసి, తలుపేసుకుని మరీ పరామర్శించారు. ఫొటో దిగకుండానే వెళ్ళిపోయారు. అలాంటి నాయకులు అరుదు.

మేనేజర్ టిఫిన్ల వేళకే దిగాడు. పెద్దాయన దవడ మీద టార్చి వేశాడు. వేలితో రాసి చూశాడు.

"తాజా పనే. ఎవరు గీశారు తాతగారూ?"

"చెప్పనని మాటిచ్చాను నాయనా."

"కోడలేనా?"

"అది గీస్తే ఇలా తెగుతుందా?" అని పెద్దాయన చెవికింద గాటు చూపించాడు.

"కావాలనే పెట్టుంటుంది. ప్రొఫెషనల్," అన్నాడు మేనేజర్.

తర్వాత నా చేతులు వాసన చూశాడు. అప్పటికింకా స్నానం చెయ్యకపోవడం నన్ను కాపాడింది.

నేరం రుజువైతే కోడలు పది కిలోమీటర్ల అవతలికి మకాం మార్చాలి. మామగారు మాత్రం ఇక్కడే ఉండొచ్చు. చట్టం ఎవరినీ అనవసరంగా ఇబ్బంది పెట్టదు.

సాయంత్రం ఆ వరండాలోనే విచారణ. అధ్యక్షత మంత్రిగారిదే.

"నేను గియ్యలేదండీ," అంది కోడలు. "గియ్యాలని మాత్రం రోజూ అనిపించింది. ఆ గడ్డంలో మెతుకులు ఇరుక్కుంటుంటే చూస్తూ కూర్చున్నాను. అదీ తప్పయితే రాసుకోండి."

"రాసుకో," అన్నాడు మేనేజర్ గుమాస్తాతో. "ఉద్దేశం ఉందట. ఇంకేం కావాలి సార్? పెట్టె సర్దుకోమనండి."

ఆవిడ లోపలికెళ్ళింది. పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టింది. మామగారి మాత్రల డబ్బా తెచ్చి, ఏది ఎప్పుడు వెయ్యాలో నాకు చెప్పడం మొదలెట్టింది.

మేనేజర్ చిన్నగా దగ్గాడు. "అది కూడా సేవే అవుతుందమ్మా."

ఆవిడ మధ్యలో ఆగిపోయింది. డబ్బా మూత తెరిచే ఉంది. పెద్దాయన మంత్రిగారి వంక చూశాడు. మంత్రిగారు నేల వంక చూశారు, తర్వాత లేచి నిలబడ్డారు. మేం అలవాటు ప్రకారం చప్పట్లకి సిద్ధమయ్యాం.

"ఆ పెట్టె లోపల పెట్టమ్మా. గీసింది నేను. ఫొటోలో ఆ గడ్డం బాగోదనిపించి మొదలెట్టాను. సబ్బు రాయగానే ఈయన కళ్ళు మూసుకుని, చెంప నా అరచేతికి ఆనించాడు. ఇంక ఫొటో సంగతి గుర్తుకి రాలేదు. చెవికింద తెగినందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నకి చివరిదాకా కంపెనీ మనిషే గీశాడు. నాకిదే మొదటిసారి."