తొంభై దాటింది

ఆ శనివారం పెనినా అనుకున్న పని చిన్నదే. చర్చి గాయకబృందం పాటను వీడియోగా కూర్చి, మధ్యాహ్నం పన్నెండులోగా రాజధాని ఆపియాలో పాటల పోటీ నడిపేవాళ్ళకు పంపాలి. అందకపోతే సవాయి దీవిలోని ఆ పల్లె ఏడాది సాధన నీటిపాలే. తొంభై ఒకటో ఏడు నడుస్తున్న అమ్మమ్మ సలా, ఎవరికీ కనబడకుండా తెల్లవారుతూనే బుట్ట పట్టుకుని సముద్రానికి వెళ్ళిపోయింది. ఖాళీ అయిన ఆవిడ మంచమెక్కి, దిండు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంది పెనినా.

తొమ్మిదింటికి పరుగెత్తిన పని పదింటికి పాకసాగింది. లోపల ఫ్యాను రొప్పుతోంది. వేడెక్కితే చెయ్యి కాలాలి గాని బుర్ర మందగించడమేమిటి? భయం కన్నా వింతే ఎక్కువై, ఆపియాలో కంప్యూటర్లు బాగుచేసే అన్న ఇయోసెఫోకు ఫోన్ చేసింది.

"ఒళ్ళు కాలిపోతోందన్నా! తొంభై దాటింది. రొప్పుతోంది. ఎందుకిలా నీరసపడిపోయింది?"

"మరీ వేడెక్కితే మాడిపోకుండా ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుందే. ఎండ ముదిరితే నువ్వు నీడన కూలబడవూ?"

"పన్నెండు దాకా ఉంటే చాలన్నా. ఆ తర్వాత పోయినా ఏడవను!"

గోడలకు బదులు చాపతెరలు దించిన ఇంట్లో మాట దాగదు. సీమపనసకాయ ఇవ్వడానికొచ్చిన పొరుగింటి తివాలేకు పెనినా మాటలే వినబడ్డాయి. 'ఎంత రాతిగుండె!' అనుకుంటూ కాయ అక్కడే పడేసి పరుగు తీసింది.

గంట తిరక్కుండా, పండగకైనా చావుకైనా అక్కడ పట్టుకెళ్ళే చాపలు, మాంసం డబ్బాలు మోసుకుని ఊరు దిగింది. తెల్లబట్టల్లో గాయకబృందం, వెనక పాస్టరుగారు. వీడియో చూడ్డానికొచ్చారనుకుంది పెనినా.

"ఎలా ఉందమ్మా?" అన్నారాయన తెర ఎత్తబోతూ, గొంతు తగ్గించి.

"సగం అయిపోయిందయ్యగారూ. ముట్టుకోకండి, కాలుతోంది."

పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు. బయట ఏడుపులు లేచాయి.

"ఎవరు పోయారే?" తడిబట్టలతో, బుట్టతో తెర పక్కన సలా.

తివాలే కెవ్వుమంది. ప్రార్థన ఆగింది. పెనినాకు అప్పటికి విషయం బోధపడింది.

"ఎవరూ పోలేదమ్మమ్మా! ఇది వేడెక్కి నెమ్మదించింది, అంతే."

సలా బుట్ట దించి, వింతగా వంగి, దిండుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య వేళ్ళు దూర్చింది. "కిందున్న చిల్లులన్నీ దిండుతో మూసేస్తే ఎలా ఊపిరాడుతుందే, మొద్దూ!"

నాలుగు మాంసం డబ్బాలు తెప్పించి వాటి మీద నిలబెట్టింది. కింద గాలి ఆడింది. కాసేపటికి రొప్పు తగ్గి, పని మళ్ళీ పరుగందుకుంది. పన్నెండుకు అయిదు నిమిషాలుండగా వీడియో వెళ్ళిపోయింది.

పాస్టరుగారు ఇబ్బందిగా దగ్గారు. "మరి... ప్రార్థన సగంలో ఉండిపోయింది."

"పూర్తి చేసేయండయ్యగారూ," అంది సలా, చాప మీద చేరగిలబడి. "మళ్ళీ రావలసిన శ్రమ తప్పుతుంది మీకు."