ముందుగా తీర్చిన మొక్కు

ఆ శనివారం పొద్దున వరదమ్మ అనుకున్నది చిన్న పనే. మొగుడు మునస్వామిని అలిపిరి మెట్ల మీదుగా కొండకు నడిపించి, మొక్కు తీర్చేసి, చీకటి పడేలోగా నగరి చేరడం.

మునస్వామి మగ్గం తొక్కి బతికేవాడు. పక్కరోడ్డులోంచి ఒక కారు వెనకాముందూ చూడకుండా వచ్చి పెద్దరోడ్డులో కలవబోయి, అతను ఎక్కిన ఆటోను గుద్దేసింది. కుడికాలి ఎముక అతుక్కుంది గానీ కాసేపు తొక్కితే కాలు గుమ్మడికాయలా వాచేది. నష్టపరిహారం వస్తే కాలితో పనిలేని మరమగ్గం కొనుక్కోవాలి, రాకపోతే పస్తులే. కేసేమో వాయిదాల మీద వాయిదాలు పడుతోంది.

"మొక్కు బాకీ పెట్టుకోని తీర్పు రాలేదంటే యాడొస్తాది మామా? కాలు అతుక్కుంటే మోకాళ్ళ మెట్టు ఎక్కిస్తానని మొక్కుకోలా?"

"కర్ర లేకండా గడప దాటొద్దని లాయరు చెప్పినాడే."

"కర్ర తెచ్చుకో, ఎవురొద్దన్నారు? లాయరు పెద్దా, సామి పెద్దా?"

గోవిందా అనాల్సిన చోటల్లా అమ్మా అంటూ ఎక్కాడు మునస్వామి. మోకాళ్ళ మీదే ఎక్కాల్సిన మోకాళ్ళ మెట్టు దగ్గర కర్రతో పనేముంది? వరదమ్మ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే, వెంట వచ్చిన వరదమ్మ చెల్లెలి కూతురు మోనిక ఫోను పైకెత్తింది.

"పెదనాయనా, ఈపక్క సూసి నవ్వు."

నొప్పికి పళ్ళు బిగబట్టినవాడు ఆ పళ్ళే చూపించాడు. 'సామి కాలిచ్చినాడు' అని రాసి మోనిక ఆ వీడియో లోకమంతటికీ పెట్టేసింది.

ఇక ఒకటే ఫోన్లు. మొక్కు తీర్చాక చెడుమాట అనకూడదు కదా, వరదమ్మ అడిగినవాళ్ళందరికీ కాలు బాగుందనే చెప్పింది. గొంతు ఎరగని ఒకాయన మరీ ఆప్యాయంగా అడిగితే, ఏ వరసవాడో అనుకుని ఇంకాస్త కలిపింది. "బంగారంగా ఉండాది నాయనా. లేడిపిల్ల మాదిరి ఎగరతాండాడు."

ఆ వరసవాడు చిత్తూరు కోర్టులో, కారుకు బీమా కట్టించుకున్న కంపెనీ మనిషిగా కనిపించాడు. ఆ బీమా కంపెనీ లాయరు మొదట వీడియో చూపించి, తర్వాత ఫోనులో రికార్డు చేసిన వరదమ్మ మాటలు వినిపించాడు. మునస్వామి లాయరు జయచంద్ర తల పట్టుకున్నాడు.

వరదమ్మ జడ్జికి చేతులు జోడించింది. "ఆ పొద్దు కొండమీంద కూలబడినోడు మళ్ళా మగ్గం గుంతలో దిగలేదు సామీ. బస్సు కాడికి మోసుకోని పోయినాను."

"దానికి వీడియో ఉండాదామ్మా?" అన్నాడు బీమా లాయరు.

లేదు. పోయిన కాలికి పైసా రాదని తీర్పయింది.

వారం తిరక్కుండానే, ఆటోను గుద్దిన అదే కారు వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. కారు ఓనరు సురేంద్ర నున్నటి గుండుతో దిగి, వరదమ్మ చేతిలో లడ్డు పెట్టాడు.

"కేసు తేలితే గుండు ఇస్తానని మొక్కుకున్నా పెద్దమ్మా. మనసులో ఏం పెట్టుకోవద్దండి."

"నడిచే ఎక్కినావా అప్పా?" అని మంచం మీది నుంచే అడిగాడు మునస్వామి.

"లేదు పెద్దాయనా, మోకాళ్ళ నొప్పులు. కార్లోనే పోయినా."

వరదమ్మ లడ్డును కళ్ళకద్దుకుని, పెద్ద ముక్క మొగుడికి పెట్టింది. ఎంతైనా అది అతని కాలికి వచ్చిన పరిహారం.