చైల్డిష్ వధ

భానుడు నడినెత్తికెక్కి నిప్పులు చెరుగువేళ, సిరాగంధబంధురమై యంత్రఘోషభీషణమై వెలుగొందు ఒకానొక ప్రింటింగ్ ప్రెస్సునందు, అక్షరదోషగజకుంభవిదారణకేసరియు, రక్తలేఖినీధారిణియు, అచ్చుతప్పులపాలిటి మృత్యుదేవతయు నగు ప్రూఫ్‌రీడరు, అప్పుడే యంత్రగర్భమునుండి వెలువడిన తొలి కార్డును గాంచి నిశ్చేష్టురాలయ్యెను.

నలుబదియేండ్లు రోగులకు సేవచేసి, ఆనాటి సాయంకాలము పదవీవిరమణ చేయనున్న హెడ్‌నర్సుగారికి తోటివారు అచ్చువేయించు వీడ్కోలు పత్రమది. ఆమె మనసు పసిపాపవలె నిర్మలమని చాటవలసినచోట, "చైల్డ్‌లైక్" అను పుణ్యపదమును పక్కకు నెట్టి, "చైల్డిష్" అను దుష్టపదము కాలుమీద కాలేసుకొని కూర్చుండెను!

"మిషను ఆపండి బాబాయ్! చైల్డ్‌లైక్ బదులు చైల్డిష్ పడింది!"

ఆ సింహనాదమునకు కాగితపుబొత్తులు కంపించెను. ప్రెస్సు యజమాని మాత్రము చలింపడయ్యెను.

"మళ్ళీ ఏమొచ్చిందమ్మా? రెండూ చంటిపిల్లల మాటలేగా! ప్లేటు మార్చాలంటే గంట పడుతుంది. గంటన్నరలో వాళ్ళొచ్చేస్తారు."

"ఒకటి ముద్దు, ఇంకోటి తిట్టు బాబాయ్! అంత సేవ చేసిన మనిషికి తిట్టు అచ్చేసి ఇస్తామా?"

"ఇంగ్లీషు తిట్టు ఎవడికి తగులుతుందిలే!"

వాగ్బాణములు వ్యర్థములగుట గాంచి, ఆ వీరనారి బ్రహ్మాస్త్రమును సంధించెను. మూలన కవర్లు మడతపెట్టుచున్న యజమాని యిల్లాలిని కనుసన్న చూపి, గుసగుసగా పలికెను:

"అయితే పిన్నిని 'నీది చిన్నపిల్ల మనసు' అనండి. ఆ తర్వాత 'నీవన్నీ చిన్నపిల్ల చేష్టలు' అనండి. రెండూ ఒకటేగా!"

మూర్తీభవించిన ధైర్యమువలె యజమాని ముందునకురికెను. "ఏమోయ్, నీది చిన్నపిల్ల మనసు!"

పిన్ని వదనారవిందము వికసించెను. "చాల్లెండి, అమ్మాయి ముందర!"

"నీవన్నీ చిన్నపిల్ల చేష్టలు!"

కవర్ల కట్ట దబ్బున నేలకూలెను. ప్రళయకాలఝంఝామారుతమువలె పిన్ని లేచెను. "ఏంటీ? పొద్దుట్నుంచి నడుం విరగ్గొట్టుకుంటుంటే, ఇవి చేష్టలా? ఇకనుంచి మీ కవర్లు మీరే మడతపెట్టుకోండి!"

యజమాని పరుగుపరుగున పోయి యంత్రమును నిలిపి, చేతులు జోడించెను. "తల్లీ, ప్లేటు మార్చేద్దాం. ముందు ఆ రెండోది అచ్చుతప్పని మీ పిన్నికి చెప్పు!"

ఆ సాయంత్రము హెడ్‌నర్సుగారు పత్రము చదివి, "చైల్డ్‌లైక్" అను పదముకడ వ్రేలునిలిపి, "నేనా!" యని కిలకిల నవ్విరి.

జయము జయము! "ఇష్" అను మూడింగ్లీషు అక్షరముల తోక తెగెను. "లైక్" అను నాలుగక్షరముల తోక మొలిచెను. తక్కిన ప్రపంచము యథాతథముగా నుండెను.